నిలవని చూపు

తొలకరి వాన పడగానే కర్నూలు జిల్లాలోని జొన్నగిరి చేలల్లో ఒక వింత కనిపిస్తుంది. ఆడా మగా, పిల్లా జెల్లా తలలు వంచుకుని, నేలకేసి చూస్తూ మెల్లగా తిరుగుతూ ఉంటారు. వాళ్ళు దేన్నీ పారేసుకోలేదు. వజ్రాలు వెతుకుతున్నారు! వాన నీరు పైమన్నును కడిగివేస్తే అడుగున ఉన్న రాళ్ళు బయటపడతాయి. ఆ వేల రాళ్ళలో ఏదో ఒకటి వజ్రం కావచ్చు. అందుకని తుగ్గలి, మద్దికెర ప్రాంతాలవాళ్ళే కాక, కర్ణాటక నుంచీ తెలంగాణా నుంచీ కూడా జనం సద్దిమూటలు కట్టుకుని వస్తారు.

ఇలా వెతికేవాళ్ళకు ఎటువంటి చూపు ఉండాలి? ఒక్కచోటే గంటసేపు చూస్తూ కూర్చుంటే ఆ జానెడు నేల తప్ప మరేమీ కనపడదు. చూపు తిరుగుతూ ఉండాలి. పక్కన ఏదైనా తళుక్కుమంటే అటు మళ్ళాలి. అది గాజుపెంకని తేలగానే దాన్ని వదిలి ముందుకు సాగాలి.

పిల్లలూ, ఇప్పుడు చేను వదిలి బడికి పోదాం. మీ తరగతిలో ఇటువంటి చూపు గల పిల్లవాడో పిల్లో ఉండే ఉంటారు. పంతులుగారు లెక్క చెబుతూ ఉంటే వాడి కన్ను కిటికీ మీద వాలిన పిట్ట మీద ఉంటుంది. బల్ల మీద కుదురుగా కూర్చోలేడు. అడిగిన ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెప్పేస్తాడు. పలక ఎక్కడ పెట్టాడో వాడికే గుర్తుండదు. అందరూ వాడిని “కోతి” అంటారు, “మొద్దు” అంటారు. కొన్నాళ్ళకు వాడు కూడా తాను మొద్దునేనని నమ్మేస్తాడు. అన్నిటికన్నా పెద్ద నష్టం అదే.

ఇది కొంచెం కొంచెంగా అందరిలోనూ ఉంటుంది. కాని కొందరిలో చిన్నప్పటినుంచీ, ఇంట్లోనూ బడిలోనూ కూడా, చదువుకూ పనికీ అడ్డు వచ్చేటంత ఎక్కువగా ఉంటుంది. వైద్యులు దాన్ని అవధాన లోపం అంటారు. అవధానం అంటే మనసు నిలపడం. ఎనిమిది మందికి ఒక్కసారే మనసు ఇచ్చి జవాబు చెప్పే విద్యను మనవాళ్ళు అష్టావధానం అన్నది అందుకే. ఈ లోపం సోమరితనం వల్ల వచ్చేది కాదు. తల్లిదండ్రుల పెంపకం చెడి వచ్చేదీ కాదు. చాలావరకు కుటుంబంలో తరతరాలుగా దిగి వచ్చే గుణం.

మరి ఇంత ఇబ్బంది పెట్టే గుణం మనుషులలో ఎందుకు మిగిలి ఉన్నది? మనిషి పుట్టి సుమారు 3 లక్షల ఏళ్ళు అయింది. వ్యవసాయం మొదలై 12 వేల ఏళ్ళు కూడా కాలేదు. అంతకుముందంతా మనవాళ్ళు వేటాడి, కాయా దుంపా ఏరుకుని బతికినవాళ్ళే. వాళ్ళకు చుట్టూ తిరిగే చూపు ఉపయోగపడి ఉంటుందని కొందరి ఊహ.

ఈ ఊహను పరీక్షించినవాళ్ళు ఉన్నారు. కెన్యా దేశంలో అరియాల్ అనే పశువుల కాపరులున్నారు. వారిలో కొందరు మందలతో తిరుగుతారు, కొందరు ఒకచోట స్థిరపడ్డారు. చంచల స్వభావంతో సంబంధం ఉన్నదని చెప్పే ఒక జన్యు రూపం గల మగవాళ్ళను 2008లో పరిశీలిస్తే, తిరిగేవాళ్ళలో వాళ్ళు మంచి పుష్టిగా ఉన్నారు. స్థిరపడినవాళ్ళలో మాత్రం వాళ్ళే తక్కువ పుష్టిగా ఉన్నారు! 2024లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంవారు 457 మంది చేత కంప్యూటరు మీద పళ్ళు కోసే ఆట ఆడించారు. ఒకే పొద దగ్గర ఉంటే పళ్ళు తగ్గిపోతాయి, కొత్త పొదకు వెళ్ళాలంటే కొంత సమయం పోతుంది. మనసు నిలవని లక్షణాలు ఎక్కువగా ఉన్నవాళ్ళు త్వరగా పొద మార్చారు, మిగతావారికన్నా ఎక్కువ పళ్ళు కోశారు.

అయితే దీన్నిబట్టి అంతా తేలిపోయిందనుకోకూడదు. ఈ లక్షణాలకు సంబంధించిన జన్యు భేదాలు వ్యవసాయానికి ఎంతో ముందునుంచే మెల్లగా తగ్గుతూ వస్తున్నాయని 2020లో వెలువడిన ఒక పరిశోధన చెబుతున్నది. అంటే వేటకాలంలో కూడా ఈ గుణం అందరికీ, అన్నివేళలా మేలు చేసి ఉండదు.

ఇక భాష సంగతి. జొన్నగిరికి దగ్గరలోనే ఎర్రగుడి దగ్గర గుట్ట మీద అశోకుడి శాసనాలున్నాయి. క్రీస్తుకు ముందు మూడవ శతాబ్దంలో బ్రాహ్మీ లిపిలో చెక్కినవి. అందులో ఒక శాసనంలో కొన్ని వరసలు ఎడమనుంచి కుడికి, కొన్ని కుడినుంచి ఎడమకు నడుస్తాయి, ఎద్దు నాగలి లాగుతూ చాలు చివర వెనక్కు తిరిగినట్టు! మనకు అది ఎంతో పాతదిగా తోస్తుంది. కాని ప్రపంచంలో రాత పుట్టే సుమారు 5 వేల ఏళ్ళు అయింది. మాట దానికన్నా ఎన్నో రెట్లు పాతది. అందుకే ఎవరూ పలక పట్టించకపోయినా పసిపిల్లలు మాట నేర్చుకుంటారు, చదవడం మాత్రం ఒకరు నేర్పితేనే వస్తుంది. చదవాలంటే తిరిగే చూపును ఒక వరస మీద నిలపాలి. తోటలో చూసినదంతా కళ్ళకు కట్టినట్టు చెప్పే పిల్లవాడు, పుస్తకం తెరవగానే తడబడడానికి ఇదొక కారణం.

వినడంలో కూడా చిక్కు ఉన్నది. “బావి దగ్గర ఉన్న బిందె తీసుకువచ్చి, కడిగి, నీళ్ళు నింపి, వంటింట్లో పెట్టు” అని అమ్మ చెబుతుంది. మన తెలుగులో అసలు క్రియ చివర వస్తుంది. అది వచ్చేదాకా ముందు మాటలన్నీ మనసులో పట్టి ఉంచాలి. మనసు నిలవనివాడికి బిందె గుర్తుంటుంది, మిగతాది జారిపోతుంది. వాడు ఎదురు తిరిగినట్టు కాదు.

కాని ఆ భాషే వాడికి సాయం కూడా. చిన్నపిల్లలు ఆడుకుంటూ తమలో తాము మాట్లాడుకోవడం మీరు చూశారు కదా? “ఇది ఇక్కడ, అది అక్కడ” అని. పెద్దయినకొద్దీ ఆ మాట లోపలికి పోయి ఆలోచన అవుతుందని రష్యా శాస్త్రజ్ఞుడు వైగాట్‌స్కీ చెప్పాడు. అవధాన లోపం ఉన్నవాళ్ళలో అది లోపలికి పోవడానికి ఎక్కువ కాలం పట్టవచ్చు. కనక వాడు గొణుక్కుంటూ లెక్క చేస్తూ ఉంటే నోరు మూయించకండి. ఆ గొణుగుడే వాడి చూపుకు పగ్గం.

తల్లిదండ్రులకు ఒక మాట. ఒక్కసారి ఒక్క పనే చెప్పండి. మధ్యలో లేచి తిరగనివ్వండి. చదువు బాగా కుంటుపడుతూ ఉంటే వైద్యునికి చూపించండి. దీనికి శిక్షణా ఉన్నది, మందులూ ఉన్నాయి. దెబ్బలు మాత్రం మందు కాదు.

జొన్నగిరి చేలో తిరిగే చూపుకు రాయి తళుక్కుమని కనపడవచ్చు. కాని వంగి తీసి, మన్ను తుడిచి, వెలుతురులో నిదానంగా తిప్పి చూస్తే కాని అది వజ్రమో గాజుపెంకో తెలియదు. మీ పక్కన కూర్చున్న ఆ పిల్లవాడికి మొదటిది వచ్చు. రెండవది నేర్చుకునేటప్పుడు మీరు నవ్వకుండా పక్కన ఉంటే చాలు.