ఇంటి ధ్వనిముద్రణశాలలో ప్యాచ్‌బే

గాయకుడు శ్రుతిలో నిలిచి పల్లవి నందుకొనువేళ, ముద్రణము చేయువాడు తీగలు మార్చుటకై యంత్రముల వెనుక చీకటిలో తడవులాడుచుండినచో ఆ పాట మరల ఆ తీరున దొరకునా? ఈ చిక్కును తొలగించు సాధనమే ప్యాచ్‌బే.

దీని మూలము పాతకాలపు టెలిఫోను కేంద్రములలో నున్నది. అచ్చటి ఆపరేటరు తీగ కొననున్న ప్లగ్గును రంధ్రమున గ్రుచ్చి యిరువురి మాటలను కలుపుచుండెను. ఆ పావు అంగుళపు ప్లగ్గు వంశమునకు చెందినదే నేటి గిటారు ప్లగ్గు.

ఇండ్లలో సామాన్యముగా వాడు ప్యాచ్‌బే 19 అంగుళముల వెడల్పు గల పలక. ముందువైపున వరుసకు 24 చొప్పున రెండు వరుసలలో 48 రంధ్రము లుండును. యంత్రములనుండి ధ్వని వెలువడు మార్గములన్నియు వెనుకనుండి పై వరుసకును, ధ్వని ప్రవేశించు మార్గములు క్రింది వరుసకును కలుపుట ఆచారము. ఇట్లొకమారు కలిపిన పిమ్మట యంత్రముల వెనుకకు పోవలసిన పని యుండదు.

పై రంధ్రమునకును, దాని క్రింది రంధ్రమునకును లోపల గల సంబంధము మూడు విధములు. మొదటిది పూర్ణసంబంధము, అనగా నార్మల్. తీగ లేనపుడు ధ్వని పైనుండి క్రిందికి తానే పారును. ఏ రంధ్రమున ప్లగ్గు పెట్టినను ఆ పారుదల తెగును. రెండవది అర్ధసంబంధము, హాఫ్ నార్మల్. పైన ప్లగ్గు పెట్టినచో కాలువనుండి పిల్లకాలువ చీలినట్లు ధ్వని రెండు దారుల పోవును. క్రింద పెట్టిన మాత్రమే పాతదారి మూయబడును. మూడవది థ్రూ. ఇందు తీగ వేసిననే గాని సంబంధ మేర్పడదు.

ఏది యెచ్చట తగును? ప్రీయాంప్లిఫయరు ధ్వని నిత్యము కంప్యూటరు ఇంటర్‌ఫేసునకే పోవలసియున్నచో ఆ జంటకు అర్ధసంబంధము మేలు. నడుమ కంప్రెసరు కావలసినపుడు రెండు చిన్న తీగలు చాలును: ఒకటి ప్రీయాంప్లిఫయరునుండి కంప్రెసరునకు, రెండవది కంప్రెసరునుండి ఇంటర్‌ఫేసునకు. అయితే కంప్రెసరు తన రెండు మార్గములు ఒకే జంటలో నున్నచో, ఆ జంట థ్రూగా నుండవలెను. లేనిచో తాను వెలువరించిన ధ్వనిని తానే మ్రింగి కూతలు పెట్టును.

కొన్ని జాగ్రత్తలు మరువరాదు. ఒక ధ్వనిని రెండు చోట్లకు పంచవచ్చును గాని, రెండు యంత్రముల ధ్వనులను ఒకే తీగలో కలుపరాదు. దానికి మిక్సరు వేరుగ నున్నది. స్పీకర్లను నడుపు పవర్ యాంప్లిఫయరు ధారను ఈ పలకపైకి తేరాదు. మైక్రోఫోనునకు 48 వోల్టుల ఫాంటమ్ విద్యుత్తు పారుచుండగా ఇందు ప్లగ్గు లాగుట, గ్రుచ్చుట ప్రమాదకరము. ప్లగ్గు లోనికి జారునపుడు దాని భాగములు క్షణకాలము పొసగరానిచోట తగులును. ఆ క్షణమే రిబ్బన్ మైక్రోఫోనులోని పలుచని అల్యూమినియము రేకును చెడగొట్టగలదు.

తుదకు, ప్రతి రంధ్రముపైనను పేరు వ్రాసి, ఏ జంట యే విధమైనదో కాగితముపై గుర్తించి దగ్గర నుంచుకొనుడు. పాట వచ్చువేళ జ్ఞాపకమును నమ్ముకొనుట కంటె ఆ కాగితమును చూచుట క్షేమము.