కాపలా ఉందని ధీమా వద్దు!

"భయం లేదమ్మా, దీనికి కాపలా సాఫ్ట్‌వేర్ పెట్టానుగా!" కంప్యూటర్‌లో సినిమా దించుకుంటూ పిల్లలు ఇలా అంటే మనం "సరేలే" అని వంటింట్లోకి వెళ్ళిపోతాం. కానీ ఒక్కమాట ఆలోచించండి. ఇంట్లో ఇంటర్నెట్ కనెక్షన్ ఎవరి పేరున ఉంది? మీ పేరునో, మీవారి పేరునో కదా! ఏదైనా తేడా వస్తే ముందు అడిగేది ఆ పేరున్న మనిషినే. అందుకే ఆ కాపలా ఏమిటో, ఎంతవరకు పనికొస్తుందో మనమూ తెలుసుకోవాలి. ఇదేమంత బ్రహ్మవిద్య కాదు.

తలా ఒక ముక్క

మామూలుగా ఒక సైట్ నుంచి ఫైలు దించుకుంటే ఇచ్చేది ఒకరు, పుచ్చుకునేది మనం. టోరెంట్ పద్ధతి అలా కాదు. 2001లో బ్రామ్ కోహెన్ అనే అమెరికన్ తయారుచేసిన 'బిట్‌టోరెంట్'లో పెద్ద ఫైలుని చిన్న చిన్న ముక్కలు చేస్తారు. మీ దగ్గరున్న ముక్క వాళ్ళకి, వాళ్ళ దగ్గరున్నది మీకు. పేరంటంలో వాయనాలు ఇచ్చి పుచ్చుకున్నట్టే! కాకపోతే ఈ పేరంటానికి ఎవరెవరు వచ్చారో మనకి తెలియదు.

ప్రతి ఇంటికీ డోర్ నంబర్ ఉన్నట్టు, ఇంటర్నెట్‌లో మన కనెక్షన్‌కీ ఒక నంబర్ ఉంటుంది. దాన్నే ఐపీ అడ్రస్ అంటారు. ముక్కలు చేరాలంటే ఆ నంబర్ తెలియాలి. అందువల్ల ఆ గుంపులో ఉన్నవాళ్ళకి మీ నంబర్ కనిపిస్తుంది. సినిమాల మీద, పాటల మీద హక్కులున్న కంపెనీల తరఫు మనుషులు కూడా మామూలు వాళ్ళలాగే ఆ గుంపులో చేరతారు. ఏ నంబర్ నుంచి ఏ టైముకి ఏ ఫైలు వెళ్ళిందో రాసుకుంటారు. ఆ టైముకి ఆ నంబర్ ఎవరిదో కనెక్షన్ ఇచ్చిన కంపెనీ రికార్డుల్లో చూస్తే తెలుస్తుంది.

వాచ్‌మన్ చేతిలో లిస్టు

ఇలాంటివాళ్ళని దూరంగా పెడదామని వచ్చినవే ఐపీ బ్లాకర్లు. మొదట్లో 'పీర్‌గార్డియన్' అని ఒకటి పేరు తెచ్చుకుంది. తర్వాత 2009లో 'పీర్‌బ్లాక్' వచ్చింది. వీటి పని తేలికే. అనుమానమున్న నంబర్లతో ఒక లిస్టు ఉంటుంది. ఆ నంబర్ల నుంచి ఎవరొచ్చినా తలుపు తియ్యదు. మన కంప్యూటర్ అటు వెళ్ళబోయినా ఆపేస్తుంది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి "వీళ్ళని లోపలికి రానివ్వకు" అని లిస్టు రాసిచ్చినట్టన్నమాట.

మరి లోపం ఎక్కడ?

వాచ్‌మన్ ఆపేది లిస్టులో ఉన్నవాళ్ళనే. కొత్త నంబర్‌తో వచ్చినవాడిని నవ్వుతూ లోపలికి పంపేస్తాడు! లిస్టు రాసేవాళ్ళకి అందరి నంబర్లూ తెలిసే వీలు లేదు. అవతలివాళ్ళు నంబర్ మార్చుకోవడం ఎంతసేపు?

రెండోది, ఈ సాఫ్ట్‌వేర్ మన నంబర్‌ని దాచదు. గుంపులో ఎవరెవరున్నారో చెప్పే జాబితాలో అది అలాగే ఉంటుంది. మనం పలకకపోయినా గుమ్మం మీద నంబర్ చదువుకుని పోవచ్చు కదా!

ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2012లో ఈ సంగతే పరీక్షించారు. బాగా గిరాకీ ఉన్న ఫైలు దించుకునేవాళ్ళ నంబర్ మామూలుగా మూడు గంటల్లోపే నిఘావాళ్ళకి చిక్కుతోందని తేల్చారు. లిస్టుల్లో ఉండాల్సిన నంబర్లు లేవు, ఉండక్కర్లేనివి ఉన్నాయి అని కూడా చెప్పారు. ఉండక్కర్లేనివి ఉంటే మనకే తిప్పలు. ఏ కాలేజీ సైటో అవసరానికి తెరుచుకోదు!

ఇంకో సంగతి. పీర్‌బ్లాక్ ఆఖరి వెర్షన్ వచ్చింది 2014లో. అంత పాత తాళాన్ని నమ్ముకుని ఊరెళతామా?

ఉత్తరం ఇంటికే వస్తుంది

2007లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఒక తల్లి 24 పాటలు నలుగురికీ పంచిందని జ్యూరీ 2,22,000 డాలర్లు కట్టమంది. 2012లో అప్పీలు కోర్టు కూడా ఆ మొత్తమే ఖాయం చేసింది. జర్మనీలో అయితే వందల యూరోలు అడుగుతూ లాయర్ల ఉత్తరాలు ఇంటికే వస్తాయి. మీ అబ్బాయో, అమ్మాయో అక్కడ చదువుతుంటే ఫోన్‌లో ఈ ముక్క తప్పకుండా చెప్పండి. మన దేశంలోనూ 1957 నాటి కాపీరైట్ చట్టం ఉంది. తెలిసి ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ళ వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

"వీపీఎన్ పెట్టుకుంటే సరి" అంటారు కొందరు. అది మన నంబర్ బదులు వేరే నంబర్ చూపిస్తుంది, నిజమే. కానీ మన అసలు నంబర్ ఆ కంపెనీకి తెలుస్తుంది. వీపీఎన్ వాడేవారి వివరాలు అయిదేళ్ళు దాచాలని మన ప్రభుత్వం 2022లో ఆదేశించింది కూడా. ఏది పెట్టుకున్నా తప్పు ఒప్పైపోదు.

మీరు చూసుకోవాల్సినవి

* ఏ ఫోల్డర్ 'షేర్' అవుతోందో పిల్లల్ని అడిగి చూడండి. బ్యాంకు కాగితాలు, ఆధార్ కాపీలు, ఇంట్లోవాళ్ళ ఫొటోలు అందులో అస్సలు ఉండకూడదు. 2010లో అమెరికా వాణిజ్య కమిషన్ సుమారు వంద సంస్థలకి ఇలా సమాచారం బయటికి పోతోందని హెచ్చరించింది. పెద్ద పెద్ద ఆఫీసులకే తప్పలేదు మరి!

* పైన ఇంటూ గుర్తు నొక్కగానే టోరెంట్ ఆగిపోయిందనుకోకండి. చాలాసార్లు అది వెనకాల నడుస్తూ పంచుతూనే ఉంటుంది. పూర్తిగా ఆపించండి.

* వైఫై పాస్‌వర్డ్ అడిగినవాళ్ళందరికీ ఇవ్వకండి. పక్కింటి కుర్రాడు దించుకున్నా కనిపించేది మీ నంబరే. చాలామందికి ఇచ్చేసి ఉంటే వెంటనే మార్చండి.

* సినిమా అని దించుకున్న ఫైలు పేరు చివర 'ఈఎక్స్‌ఈ' అని ఉంటే తెరవద్దనండి. అది సినిమా కాదు, ప్రోగ్రామ్. అందులో వైరస్ ఉండవచ్చు.

* టోరెంట్ అంటేనే తప్పనుకోవద్దు. 'ఉబుంటు' లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లనీ, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో హక్కుల గడువు తీరిన పాత పుస్తకాలనీ ఇలా దించుకోవచ్చు. వీటికి దాక్కోవాల్సిన పనే లేదు.

పిల్లల్ని కోప్పడితే ఆ పనే చాటుగా చేస్తారు. పక్కన కూర్చుని, "ఇది ఎవరిదిరా? పంచుకోమని వాళ్ళు చెప్పారా?" అని నెమ్మదిగా అడగండి. ఆ ప్రశ్న వాళ్ళంతట వాళ్ళే వేసుకునేలా అలవాటు చేశారంటే, ఏ సాఫ్ట్‌వేరూ పెట్టలేని కాపలా మీరు పెట్టినట్టే!