6 లక్షలకి బీఎండబ్ల్యూ వస్తుంది, తర్వాత ఏంటి? పాత జర్మన్ కార్లు కొనడం, ఉంచుకోవడం, మోడిఫై చేయడం

పోయిన వారం చోడవరం నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, హైదరాబాద్‌లో 2010 మోడల్ 320డి ఉంది. 6 లక్షల 20 వేలు చెప్తున్నారు. నా దగ్గర 2 లక్షలు ఉన్నాయి, మిగతాది పర్సనల్ లోన్ పెడతాను. తీసేసుకోమంటావా?" అని. కింద ఆరు ఫోటోలు. ఆరూ బయట నుంచి తీసినవే. బానెట్ ఎత్తిన ఫోటో ఒక్కటీ లేదు.

"వద్దు తమ్ముడూ" అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. కానీ అలా చెప్పే మొహం నాకు లేదు. ఎందుకంటే 2022లో నేనూ సరిగ్గా ఇదే పని చేశాను. అప్పటికి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతిలో కాస్త డబ్బు, బుర్రలో అంతకన్నా తక్కువ జ్ఞానం. 2008 మోడల్ బీఎండబ్ల్యూ 325ఐ, 5 లక్షల 80 వేలకి కొన్నాను. మన వీడియోల్లో వెనకాల కనిపించే సిల్వర్ కారు అదే.

ముందు దీని మీద అంత మోజు ఎందుకో చెప్పాలి, లేకపోతే మిగతాదంతా పిచ్చిలా కనిపిస్తుంది. ఆ తరం 3 సిరీస్‌ని ఈ90 అంటారు. 2007లో చెన్నై దగ్గర బీఎండబ్ల్యూ ఫ్యాక్టరీ మొదలైనప్పుడు ఇక్కడ తయారైన కార్లలో ఇదీ ఒకటి. 325ఐలో ఇంజిన్ ఇన్‌లైన్ సిక్స్, అంటే ఆరు సిలిండర్లు ఒకే వరసలో. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో పిస్టన్లు పైకీ కిందకీ కదిలేటప్పుడు కొంత ఊపు మిగిలిపోతుంది, అదే మనకి స్టీరింగ్‌లో, సీటులో వైబ్రేషన్‌గా తెలుస్తుంది. ఆరు వరసగా పెడితే ఒకదాని ఊపుని ఇంకోటి కొట్టేస్తుంది. టర్బో లేదు, 218 హార్స్‌పవర్, పవర్ వెనక చక్రాలకి వెళ్తుంది. స్టీరింగ్ తిప్పితే రోడ్డు ఎలా ఉందో చేతికి తెలుస్తుంది. ఇది కొత్త కార్లలో ఎంత డబ్బు పెట్టినా దొరకడం కష్టం. అందుకే మనలాంటి వాళ్ళం 15 ఏళ్ళ కారు వెనక పడతాం.

ఇక నా కథ. కొనే ముందు అక్కడ ఒక మెకానిక్ అన్నకి చూపించాను. ఆయన చూసి ఒకే మాట అన్నాడు: "వాటర్ పంప్ కంపెనీతో వచ్చిందే ఉంది, 14 ఏళ్ళు అయింది. ఊరికి తీసుకెళ్ళే ముందు మార్చుకో." సరే అన్నాను. మార్చలేదు. ఆ నెల డబ్బులతో ఏం చేశానో తెలుసా? 18 ఇంచుల అల్లాయ్‌లు కొన్నాను. 85 వేలు.

బెంగళూరు నుంచి మన అనకాపల్లికి దాదాపు వెయ్యి కిలోమీటర్లు. ఏప్రిల్ నెల. విజయవాడ దాటాం, రాజమండ్రి దాటాం, కారు వెన్నలా పోతోంది. తుని దగ్గరకి వచ్చాక మధ్యాహ్నం రెండింటికి స్క్రీన్ మీద ఎర్ర సింబల్. ఈ90లో కూలెంట్ వేడి చూపించే ముల్లు ఉండదు. ఉండేది లైటే. అది ఎర్రగా వెలిగిందంటే అప్పటికే ఆలస్యం అయినట్టు. పైగా ఈ కారులో వాటర్ పంప్ బెల్టుతో తిరిగేది కాదు, కరెంటుతో తిరిగేది. పాత పంపులు ముందు కారతాయి, అరుస్తాయి, మనకి నోటీసు ఇస్తాయి. ఇది చాలాసార్లు నోటీసు లేకుండా ఆగిపోతుంది. వెంటనే పక్కకి తీసి ఆపేశాను. నేను చేసిన ఒకే ఒక్క మంచి పని అది. ఇంకో ఐదు కిలోమీటర్లు లాగి ఉంటే ఇంజిన్ హెడ్ వంగిపోయేది, ఈ ఛానెల్ కూడా ఉండేది కాదేమో.

నాన్న ఆర్టీసీ బస్సులో తునికి వచ్చారు, చేతిలో మంచినీళ్ళ బాటిల్‌తో. కారు చుట్టూ ఒకసారి తిరిగి, "ఏట్రా, ఆరు లక్షలెట్టి రోడ్డు పక్కన కూకోడానికి కుర్చీ కొన్నావా?" అన్నారు. ఫ్లాట్‌బెడ్ మీద వైజాగ్ వెళ్తున్నంత సేపూ ఆయన ఇంకేం మాట్లాడలేదు. అదే ఎక్కువ బాధ.

ఆ తప్పు కారుది కాదు, కంపెనీది కాదు. 14 ఏళ్ళ పార్టుని ముందే చెప్పినా మార్చని నాది. ఇక్కడే అసలు లెక్క ఉంది. 30 లక్షల లెవెల్ కారు 15 ఏళ్ళకి 6 లక్షలకి దిగుతుంది. కానీ దాని పార్టులు 6 లక్షల కారు పార్టులుగా మారిపోవు. మనం కొనేది కారు ఒక్కటే కాదు, పాత ఓనర్లు వాయిదా వేసిన రిపేర్లన్నీ కలిపి కొంటున్నాం. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని టెక్నికల్ డెట్ అంటాం. ఎవడో రాసి వదిలేసిన కోడ్, ఫిక్స్ చేసేది మనం.

నా షీట్ తెరిచి చదువుతాను, మొదటి 14 నెలలది. వాటర్ పంప్, థర్మోస్టాట్, గొట్టాలు, టోయింగ్ కలిపి 68 వేలు. ముందు సస్పెన్షన్ కంట్రోల్ ఆర్మ్‌లు, బుష్‌లు 55 వేలు. వాల్వ్ కవర్ గ్యాస్కెట్, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గ్యాస్కెట్ 30 వేలు. గేర్‌బాక్స్ ఆయిల్, ఫిల్టర్ 28 వేలు. టైర్లు 48 వేలు. మొత్తం 2 లక్షల 29 వేలు. ఏపీకి మార్చుకున్న లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ ఇందులో లేవు. ఆ అల్లాయ్‌లు కూడా లేవు, వాటిని మన రోడ్ల దెబ్బకి భయపడి 50 వేలకి అమ్మేశాను.

ఇదంతా ఒరిజినల్ డబ్బాలో కొంటే ఇంకా అయ్యేది. పార్టు మీద కార్ల కంపెనీ బొమ్మ ఉన్నా, దాన్ని తయారు చేసేది చాలాసార్లు వేరే వాళ్ళు. పియర్‌బర్గ్ పంపులు, లెమ్‌ఫోర్డర్ ఆర్మ్‌లు, మాలే ఫిల్టర్లు, అవే వాళ్ళ సొంత డబ్బాల్లో తక్కువకి దొరుకుతాయి. ఛాసిస్ నంబర్‌లో చివరి ఏడు అక్షరాలు పెడితే పార్ట్స్ కేటలాగ్‌లో మీ కారుకి సరిపోయే నంబర్ వస్తుంది. ఆ నంబర్‌తోనే అడగండి, "325ఐకి పంపు ఇవ్వండి" అని అడగొద్దు.

సరే, చూడటానికి వెళ్ళినప్పుడు ఏం చూడాలి? నాన్న ముప్పై ఏళ్ళు మన బెల్లం మార్కెట్లో గుమస్తాగా చేశారు. ఆయన చెప్పేది: మరీ తెల్లగా మెరిసే దిమ్మ కనిపిస్తే ముందు అనుమానపడాలి, రంగు కోసం హైడ్రోస్ కలిపి ఉంటారని. కార్లదీ అదే. సెరామిక్ కోటింగ్ కొట్టి, ఇంజిన్ బే నీళ్ళతో కడిగి నల్లగా నిగనిగలాడించారంటే, లీకులు ఎక్కడున్నాయో కూడా కడిగేశారని అర్థం. నాకైతే కాస్త దుమ్ము పట్టిన ఇంజిన్ మీదే నమ్మకం.

వెళ్ళే ముందు ఫోన్ చేసి "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఆ స్టార్టింగ్‌కి విలువ లేదు. చల్లని ఇంజిన్ స్టార్ట్ అయినప్పుడే చైన్ చప్పుడు, పొగ, అదురు బయటపడతాయి. 20 నిమిషాలు తిప్పాక ఏసీలోంచి కాలిన ఆయిల్ వాసన వస్తే గ్యాస్కెట్ లీకై వేడి ఎగ్జాస్ట్ మీద పడుతోందని అనుకోవచ్చు. టైర్ మీద నాలుగంకెల కోడ్ చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైంది. గీతలు ఎంత లోతుగా ఉన్నా అది ముసలి టైరే.

తర్వాత స్కానర్. 800 రూపాయల బ్లూటూత్ ఓబీడీ పరికరం ఇంజిన్ గురించి మాత్రమే చెప్తుంది. ఈ కార్లలో ఏబీఎస్‌కి, గేర్‌బాక్స్‌కి, ఎయిర్‌బ్యాగ్‌కి అన్నిటికీ వేరే కంప్యూటర్లు ఉంటాయి. బీఎండబ్ల్యూకి ఇస్టా, ఫోక్స్‌వ్యాగన్, ఆడి, స్కోడాలకి వీసీడీఎస్ లాంటివి ఉన్న గ్యారేజ్‌కి తీసుకెళ్ళి రెండు మూడు వేలు కట్టండి. ఈ90లో ఎన్ని కిలోమీటర్లు తిరిగిందనే లెక్క మీటర్‌లోనే కాదు, తాళం విషయం చూసుకునే మాడ్యూల్‌లో కూడా ఉంటుంది. మీటర్ తిప్పేవాడు చాలాసార్లు రెండోది మర్చిపోతాడు. నాకు ఇది లాగ్ ఫైల్ చదివినట్టే ఉంటుంది, అబద్ధం చెప్పేవాడు ఒక ఫైల్ మార్చి ఇంకోటి వదిలేస్తాడు.

ఇక తమ్ముడి 320డి సంగతి. ఈ కారులోని ఎన్47 డీజిల్ ఇంజిన్, ముఖ్యంగా 2007 నుంచి 2011 మధ్యవి, టైమింగ్ చైన్ విషయంలో ప్రపంచమంతా పేరు మోసినవి. చైన్ సాగడం ఒక ఎత్తు. అది ఇంజిన్ ముందు కాకుండా వెనక, గేర్‌బాక్స్ వైపు ఉండటం ఇంకో ఎత్తు. అంటే దాన్ని మార్చాలంటే చాలామంది ఇంజినే దింపుతారు. తెగితే వాల్వులు, పిస్టన్లు కొట్టుకుంటాయి. కాబట్టి చైన్ మార్చిన బిల్లు ఉందా అన్నది మొదటి ప్రశ్న. రెండోది, పుట్టు రిజిస్ట్రేషన్ ఎక్కడిది? ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్ కార్లు తిరగకూడదని వచ్చాక చాలా కార్లు ఎన్‌ఓసీ తీసుకుని వేరే రాష్ట్రాలకి వచ్చాయి. అలా రావడం తప్పేం కాదు. కానీ పాత నంబర్ అడిగి, సర్వీస్ రికార్డ్ ఆ నంబర్ మీద వెతకాలి.

కాగితాలు త్వరగా చెప్పేస్తా. వేరే రాష్ట్రం కారైతే అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ, హైపోథికేషన్ ఉంటే అది తీసేసినట్టు కాగితం, ఫారం 29, 30. 12 నెలల లోపు ఇక్కడి నంబర్‌కి మార్చుకోవాలి, లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి. 15 ఏళ్ళు నిండితే ఫిట్‌నెస్ చూపించి ఆర్‌సీ రెన్యూవల్. 2022 ఏప్రిల్‌లో ఆ ఫీజు 600 నుంచి 5,000 చేశారు. అమ్మేవాడు "ఇంకా ఆరు నెలలుంది కదా సార్" అంటే, ఆ ఆరు నెలలకే మీకు అమ్ముతున్నాడని గుర్తు.

ఇప్పుడు మీరందరూ ఎదురుచూసే మోడిఫికేషన్లు. నా వరస వేరు. మొదటి మోడ్ ఏంటంటే, కారుని ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలా చేయడం. అరిగిన బుష్‌లు మార్చిన రోజు నా కారు వేరే కారు అయిపోయింది, నిజంగా. తర్వాత టైర్లు. ఈ90 రన్‌ఫ్లాట్ టైర్లతో వచ్చేది, వాటి గోడలు గట్టి, మన గవరపాలెం సందుల్లో నడుం విరుగుతుంది. మామూలు టైర్లకి మారాను. అయితే ఇందులో స్టెప్నీ పెట్టే చోటు లేదు, కాబట్టి పంక్చర్ కిట్, గాలి కొట్టే మోటార్ డిక్కీలో ఎప్పుడూ ఉండాలి. తర్వాత బ్రేక్ ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఆయిల్. ఆపడం వచ్చాకే పరిగెత్తడం.

రీమ్యాప్ అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో ఇంధనం, ఇగ్నిషన్, టర్బో ప్రెషర్ లెక్కలు మార్చడం. నా కారుకి టర్బో లేదు కాబట్టి పెద్దగా వచ్చేదేం లేదు, డబ్బు దండగ. టర్బో కార్లలో తేడా బాగా తెలుస్తుంది, ప్రమాదమూ అక్కడే. ఉదాహరణకి ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్‌లోని డీక్యూ200 అనే ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ 250 న్యూటన్ మీటర్ల టార్క్ వరకే డిజైన్ చేసింది. పోలో జీటీ టీఎస్‌ఐ ఇచ్చేది 175. కాబట్టి అక్కడ కాస్త చోటు ఉంది. అదే గేర్‌బాక్స్ ఉన్న ఆక్టావియా 1.8 టీఎస్‌ఐ కంపెనీ నుంచే 250 ఇస్తుంది. దాని మీద ఇంకా ఎక్కించారంటే ఆ భారం క్లచ్ మోయాలి. ట్యూనర్ చూపించే గ్రాఫ్‌లో గేర్‌బాక్స్ కనిపించదు.

చట్టం కూడా ఉందండోయ్. మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి, కంపెనీ స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో, ఒక్కో మార్పుకి 5,000 జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ. రీమ్యాప్ చేసి ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పకపోతే రేపు క్లెయిమ్ దగ్గర ఇబ్బంది. సైలెన్సర్ పీకేసి హాస్పిటల్ ముందు నుంచి వెళ్ళేవాళ్ళ గురించి నేనేం చెప్పను, మీరే చెప్పండి.

ఇంకో విషయం, మన ఊరికి దగ్గరిది. పెట్రోల్‌లో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్. చెరకు ఊరి వాడిగా నాకు సంతోషమే, కారు ఓనర్‌గా కాస్త భయం. 2008 కార్లు దీన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. ఇథనాల్ తేమని పీలుస్తుంది, పాత రబ్బరు గొట్టాలకి, సీళ్ళకి మంచిది కాదు, మైలేజ్ కూడా కొంత తగ్గుతుంది. ఫ్యూయల్ గొట్టాలు ఏటా చెక్ చేయిస్తున్నాను. ట్యాంక్ నింపి నెలల తరబడి షెడ్డులో పెట్టడం మానేశాను. కనీసం పది రోజులకోసారి వైజాగ్ దాకా వెళ్ళొస్తా.

చోడవరం తమ్ముడికి ఫోన్ చేసి రెండు విషయాలు అడిగాను. ఆ 2 లక్షలు కొనడానికా, కొన్న తర్వాత పెట్టడానికా? రెండోది, చైన్ పోయిన రోజు కూడా లోన్ కంతు కట్టాలి, అప్పుడు పనికి దేని మీద వెళ్తావు? కొంచెం సేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అన్నా, అయితే ఇంకో ఏడాది ఆగి పోలో జీటీ చూడనా?" అన్నాడు. చూడు, కానీ అప్పు లేకుండా చూడు, కొన్న రేటులో సగం పక్కన పెట్టుకుని చూడు అన్నాను. కోపం వచ్చిందేమో అనుకున్నా. ఈ ఆదివారం మా ఇంటికి వస్తానన్నాడు.

సరిగ్గా టైముకే వస్తున్నాడు. నా ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ కింద మళ్ళీ చెమ్మ కనిపిస్తోంది. గ్యాస్కెట్ తెప్పించాను, టార్క్ రెంచ్ అన్న దగ్గర అడిగి తెచ్చాను. ఇద్దరం కలిసి విప్పుతాం, కెమెరా పెడతాను. వచ్చే ఎపిసోడ్ అదే.