ఆగని వెక్కిళ్ళు

చిన్నతనంలో మనకు వెక్కిళ్ళు వస్తే ఇంట్లో పెద్దవాళ్ళు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "ఏం దొంగతనంగా తిన్నావురా?" మనం ఉలిక్కిపడి, "నేనేం తినలేదు" అని బిక్కమొహం వేసేలోగా వెక్కిళ్ళు కాస్తా ఆగిపోయేవి. పసివాళ్ళకైతే బట్ట అంచు నుంచి పోగు లాగి, తడిపి, నుదుట అంటించేవారు. మామూలు వెక్కిళ్ళు ఏం చేసినా పోతాయి, ఏమీ చెయ్యకపోయినా పోతాయి. అందుకే ఏ చిట్కాకైనా పేరు వస్తుంది. చిక్కల్లా ఆగని వెక్కిళ్ళతోనే.

మా మామయ్య బాలానగర్‌లో ఉంటారు. కింద లేతు మిషన్లు, పైన కాపురాలు ఉండే వీధి. 1960లలో సోవియట్ సహకారంతో అక్కడ వెలిసిన మందుల కర్మాగారం ఐ.డి.పి.ఎల్.లో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. చక్కెర జబ్బు మూత్రపిండాలను దెబ్బతీసింది. వారానికి మూడుసార్లు, పూటకు నాలుగేసి గంటలు, డయాలిసిస్ యంత్రం పక్కన పడుకోవాలి. మధ్య రోజుల్లో ఆయన తాగే నీళ్ళను అత్తయ్య సీసాలో కొలిచి పెడుతుంది. ఇంతకుమించి ఒక్క గుక్క ఎక్కువైనా ఆమె ఊరుకోదు.

దగ్గర బంధువుల పెళ్ళి వచ్చింది. విజయవాడ వెళ్ళారు. "ఒక్కసారి మానేస్తే ఏమవుతుందిలే" అని ఒక డయాలిసిస్ వదిలేశారు. తిరిగి వచ్చిన రాత్రి మొదలయ్యాయి వెక్కిళ్ళు. తెల్లవారినా ఆగలేదు. మరునాడు రాత్రీ ఆగలేదు. నేను వెళ్ళేసరికి అత్తయ్య గుమ్మంలోనే ఎదురొచ్చి, "రెండు రోజులై మీ మామయ్యకు తిండి లేదు, నిద్ర లేదు నాయనా. మాట మొదలుపెడితే చివరిదాకా రానివ్వటం లేదు" అంది. ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నారు. నన్ను చూసి, "రారా..." అన్నారు. తరువాతి మాట వెక్కిలో పోయింది.

రొమ్ముకూ పొట్టకూ నడుమ గొడుగులాంటి కండరం ఒకటుంది. దాన్ని ఉదరవితానం అంటారు. మనం ఊపిరి పీల్చినప్పుడల్లా అది కిందికి దిగుతుంది. దాన్ని నడిపించే నరాలు మెడ దగ్గర పుట్టి కిందికి వస్తాయి. ఆ దారిలో ఎక్కడ చికాకు కలిగినా ఆ కండరం ఉన్నట్టుండి ఎగిరిపడుతుంది. గాలి ఒక్కసారిగా లోపలికి దూసుకుపోతుంది, వెంటనే గొంతులోని ద్వారం టక్కున మూసుకుంటుంది. మనకు వినపడే "ఇక్" ఆ తలుపు చప్పుడే. రెండు రోజులు దాటినవాటిని వైద్యులు మొండి వెక్కిళ్ళ లెక్కలో వేస్తారు. అమెరికాలో చార్లెస్ ఆస్బర్న్ అనే రైతు 1922 నుంచి 1990 దాకా వెక్కుతూనే ఉన్నాడు. పన్నెండవ పయస్ పోపుగారిని కూడా 1950లలో ఇవి బాగా వేధించాయి.

మూత్రపిండాలు పనిచెయ్యని మనిషిలో కారణాలు వెతుక్కోనక్కరలేదు. బయటికి పోవలసిన మలినాలు రక్తంలో నిలిచిపోతాయి. సోడియమో, కాల్షియమో తగ్గుతుంది. పొట్ట ఉబ్బుతుంది, పులితేన్పులు వస్తాయి. వీటిలో ఏదయినా ఆ నరాలను కదపగలదు.

ఇక ఇంటి వైద్యం సంగతి. మనకు తెలిసిన చిట్కాలలో చాలా భాగం ఇటువంటి రోగికి ఎదురు తిరుగుతాయి! గ్లాసెడు నీళ్ళు గడగడా తాగమంటారు. ఆయనకు నీళ్ళే కొలత. చెంచాడు పంచదార మింగమంటారు. ఆయనకు చక్కెర జబ్బు. కొబ్బరిబోండం పట్టుకొచ్చారు ఎదురింటివారు. అందులో పొటాషియం హెచ్చు, అది రక్తంలో పెరిగితే గుండెకే ముప్పు. నెమలి పింఛం భస్మం తేనెలో నాకించమంది ఒక పెద్దావిడ. మూత్రపిండాలు చెడినవారికి ఏ భస్మమూ వైద్యుణ్ణి అడగకుండా పెట్టకూడదని ఆమెకు నచ్చచెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

పక్కింటాయన తన దగ్గర మిగిలిన మాత్రలు తెచ్చారు. "నాకు ఒక్కదానితో ఆగిపోయాయండీ" అన్నారు. మామయ్య కళ్ళజోడు పెట్టుకుని అట్టమీద పేరు చదివారు: బాక్లోఫెన్. మందుల ఫ్యాక్టరీ మనిషి గదా! "ఇది ఒంట్లోంచి పోవలసింది మూత్రపిండాల దారినే. నా దారి మూసుకుపోయింది" అని పక్కన పెట్టించారు. తరువాత డాక్టరుగారు ఆ మాట విని, "బతికించారు" అన్నారట. మామూలు మనిషికి చిన్న మోతాదు అనిపించేది కూడా డయాలిసిస్ రోగిలో పేరుకుపోయి, మత్తు, మతిభ్రమ, ఒక్కొక్కప్పుడు స్మృతి లేని స్థితి తెస్తుందట.

అన్ని చిట్కాలూ పోగా మిగిలినది ఊపిరి. ఖర్చు లేదు, మింగేదీ లేదు. మామయ్యకు నేర్పింది డయాలిసిస్ గదిలోని నర్సమ్మ. వీపు ఆనించి కూర్చోవాలి. ఒక చెయ్యి పొట్టమీద వేసుకుని, ఆ చెయ్యి పైకి లేచేటట్టు ముక్కుతో నెమ్మదిగా పీల్చాలి. హాయిగా ఉన్నంతసేపే, మహా అయితే పది లెక్కపెట్టేవరకు, ఆపాలి. వేడి పాలు ఊదినట్టు పెదవులు చుట్టి మెల్లగా వదలాలి. మధ్యలో మామూలు ఊపిరి తీసుకుంటూ అయిదారుసార్లు చెయ్యాలి.

దీనిలో మర్మం ఏమిటంటే, ఊపిరి బిగపట్టినప్పుడు రక్తంలో బొగ్గుపులుసు వాయువు కొంచెం పెరుగుతుంది. అది పెరిగినకొద్దీ వెక్కిళ్ళు పలచబడతాయి, తగ్గితే ఎక్కువవుతాయి. అందుచేతనే కపాలభాతి, భస్త్రిక వంటి వేగపు ప్రాణాయామాలు ఇక్కడ పనికిరావు. అవి ఆ వాయువును బయటికి తోసేస్తాయి. 2004లో అమెరికా వైద్యులు కొందరు ఇంకో పద్ధతి ప్రకటించారు. ఊపిరంతా వదిలి, నిండుగా పీల్చి, పది సెకండ్లు ఆపటం. వదలకుండానే ఇంకాస్త పీల్చి అయిదు సెకండ్లు, మళ్ళీ ఇంకాస్త పీల్చి మరో అయిదు. ఇది డయాలిసిస్ రోగుల కోసమని పుట్టింది కాదు, కనుక డాక్టరును అడిగే చెయ్యాలి. ముక్కు మూసుకుని గట్టిగా ముక్కటం మాత్రం వద్దన్నది నర్సమ్మ. రక్తపు పోటు ఒక్కసారి ఎక్కి దిగుతుంది. చక్కెర జబ్బుతో కంటి నరాలు చెడినవారికి కంటిలో రక్తం చిమ్మే ప్రమాదముంది. సంచిలో మొహం పెట్టి పీల్చటమూ కూడదు. యంత్రం నడుస్తుండగా వెక్కిళ్ళు వస్తే సూదులున్న చెయ్యి కదలకూడదు, వంగకూడదు. కాళ్ళు వాచి, పడుకుంటే ఆయాసం వచ్చేవాళ్ళు ఊపిరి బిగపట్టనే కూడదు. వారికి ఒంట్లో నీరు చేరింది. అప్పుడు ఆస్పత్రికి పోవటమే.

ఆ రాత్రి మామయ్య నాలుగుసార్లు ఊపిరి పట్టారు. వెక్కిళ్ళు పూర్తిగా పోలేదుగాని, మధ్య మధ్య ఎడం వచ్చింది. ఆ ఎడంలో రెండు ముద్దలు తిన్నారు, కాసేపు కునుకు తీశారు. నిజమైన మార్పు మాత్రం మరునాడు యంత్రం మీద పడుకున్నాకనే. ఆ పైన ఇంకో డయాలిసిస్ అయ్యేసరికి ఆగిపోయాయి.

డాక్టరుగారు అడిగిన ప్రశ్నలలో ఒకటి మాకు వింతగా తోచింది: "కమ్రక్ పండు తిన్నారా?" అదే, అడ్డంగా కోస్తే అయిదు కోణాల చుక్కలా ఉండే పుల్లని పండు, స్టార్ ఫ్రూట్ అని అమ్ముతున్నారు. దానిలోని ఒక విషపదార్థాన్ని బ్రెజిల్ శాస్త్రజ్ఞులు 2013లో గుర్తించి కారంబాక్సిన్ అని పేరు పెట్టారు. మంచి మూత్రపిండాలు దాన్ని బయటికి పంపేస్తాయి. చెడినవారిలో అది మెదడుకెక్కుతుంది. మొదట కనిపించేది చాలాసార్లు ఆగని వెక్కిళ్ళే. తరువాత మతి తప్పటం, మూర్ఛలు, ప్రాణాపాయం కూడా. తిన్నట్టు తెలిస్తే ఊపిరి పడుతూ కూర్చోరాదు, వెంటనే డయాలిసిస్ కావాలి. వెక్కిళ్ళతోపాటు రొమ్ములో నొప్పి, మూతి వంకర, మాట తడబాటు, మగత కనిపించినా అంతే తొందర.

మామయ్య ఆ పండు తినలేదు. తిన్నది పెళ్ళి భోజనం, మానింది డయాలిసిస్. ఇప్పుడు శుభలేఖ వస్తే అత్తయ్య ముందు ముహూర్తం చూడదు, వారం చూస్తుంది. మొన్న ఆయనకు భోజనం దగ్గర ఒక వెక్కి వచ్చింది. ఒక్కటే. అత్తయ్య గరిటె కింద పెట్టి, "ఏం దొంగతనంగా తిన్నారు?" అని నిలదీసింది. మామయ్య నవ్వలేదు. పొట్టమీద చెయ్యి వేసుకుని లెక్కపెట్టటం మొదలుపెట్టారు.