అరసవల్లి కిరణములు – పంచాంగ సంస్కరణము

శ్రీకాకుళము చెంతనున్న అరసవల్లి సూర్యదేవాలయమున ఏటేట మార్చి 9, 10 తేదీల ప్రాంతమునను, అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతమునను ఉదయకిరణములు స్వామి పాదములను తాకును. మొదటిది వసంతవిషువమునకు సుమారు పది దినములు ముందు. రెండవది శరద్విషువమునకు సుమారు పది దినములు తరువాత. ఆ రెండు వేళలను సూర్యుడు తూర్పున ఇంచుమించు ఒకేచోట ఉదయించుటయే ఇందులకు కారణము. ఆ తేదీలు తరతరములకు మారవు.

సంక్రాంతి మాట అట్లు కాదు. దానిని ఉత్తరాయణ పుణ్యకాల మందుము. కాని సూర్యుడు నిజముగా ఉత్తరమునకు మరలునది డిసెంబరు 22 ప్రాంతమున. ఈ 23 దినముల యెడము ఎట్లు వచ్చినది? సూర్యసిద్ధాంతము చెప్పిన వత్సరము 365.2588 దినములు, ఋతువులను నడపు వత్సరము 365.2422 దినములు. భేదము ఏటికి 24 నిమిషములే. అయినను ప్రభవ మొదలు అక్షయ వరకు అరువదేండ్లు తిరుగునప్పటికి ఒక దినమగును. పదునాలుగు శతాబ్దములలో ఆ దినములే 23 అయినవి.

దేశమున ముప్పది తీరుల పంచాంగములు వాడుకలో నుండగా, 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన సంస్కరణ సంఘ మేర్పడెను. 1955లో నివేదిక వెలువడెను. విషువమునకు మరునాడు చైత్రము 1, వైశాఖము మొదలు అయిదు నెలలకు 31 దినములు, తక్కినవానికి 30, అధికవత్సరమున చైత్రమునకు మాత్రము 31. 1957 మార్చి 22న, శక 1879 చైత్రము 1గా ఇది అమలు జరిగెను. ఆ దినమును చూడకయే 1956 ఫిబ్రవరిలో సాహా మరణించెను.

శకవర్షము కళింగమునకు క్రొత్త కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు కళింగనగరముగా గుర్తించిన ముఖలింగము నేలిన తూర్పు గాంగులు తొలుత తమ గాంగశకమునే శాసనములలో వాడిరి. 11వ శతాబ్దిలో వజ్రహస్తుడు శకవర్షమును చేపట్టెను. అతని పట్టాభిషేకము శక 960, అనగా క్రీ.శ. 1038. వంశపు లెక్క పోయి, పలు రాజ్యము లెఱిగిన లెక్క నిలిచినది.

1957 నాటి మార్పు మాత్రము గెజెటు దాటి ఇండ్లలోనికి రాలేదు. సంఘమును సంక్రాంతిని వెనుకకు జరుప సాహసింపలేదు. పాతలెక్కయే సాగినచో నాలుగువేల ఏండ్లకు ఆ పండుగ వసంతవిషువమున పడును. అప్పటికి కళ్లములలో ధాన్యముండదు.

విజయనగరము బడిలోనైనను, శ్రీకాకుళము బడిలోనైనను ఉపాధ్యాయుడు మీటరు కఱ్ఱ నొకటి నిలిపి, డిసెంబరు 22న మధ్యాహ్నపు నీడను పిల్లలచేత కొలిపింపవచ్చును. సంక్రాంతినాటికి అది ఆరు సెంటీమీటర్ల మేర తగ్గియుండును. సాహా చెప్పిన విషయము ఆ నీడయే చెప్పును.