మానుకూ చిగురు వస్తుంది
(వయోజన శిక్షణార్థులు – బోధకుని బాధ్యత)

"మొక్కై వంగనిది మానై వంగునా" అన్నది పిల్లల పెంపకాన్ని ఉద్దేశించి మన పెద్దలు చెప్పిన మాట. కాలక్రమంలో దానిని వయసు వచ్చినవారి చదువుకు సైతం అన్వయించడం మనకు అలవాటైపోయింది. నలభై ఏళ్లు దాటిన హెల్పర్ ఒకరు ఫిట్టర్ పరీక్ష కోసం శిక్షణ తరగతిలో కూర్చుంటే, ఈ సామెత తోటివారి పెదవుల మీదనే గాక, ఒక్కొక్కప్పుడు బోధకుని మనసులోనూ మెదులుతుంది. అది మెదిలిన క్షణాననే పాఠం సగం ఓడిపోతుంది.

బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణంలో నివసించేవారికి ఈ సామెతకు సమాధానం కళ్లెదుటనే ఉన్నది. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే సంస్థ ఏర్పడి, ఈ ప్రాంతం మీదుగా ఇనుపదారి పరచిన తరువాతనే ఈ ఊరు జంక్షన్‌గా ఎదిగింది. 1931లో విజయనగరం–రాయపూర్ మార్గం పూర్తి కావడంతో కళింగాంధ్రకూ ఛత్తీస్‌గఢ్ ప్రాంతానికీ రాకపోకలు సుగమమయ్యాయి. 1985లో సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ సంస్థ ఈ పట్టణమే కేంద్రంగా ఏర్పడింది. 2003లో సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే జోన్‌కు సైతం ఇదే ప్రధాన స్థానమైంది. నాగలి తప్ప వేరొకటి ఎరుగని చేతులు ఇక్కడ స్పానర్ పట్టాయి. ఆ నేర్పు అంతా పెద్దవయసులో అబ్బినదే. కనుక పెద్దలు నేర్చుకోగలరా అన్న ప్రశ్నకు ఇక్కడ తావు లేదు. వారిలో నేర్చుకోవాలన్న ఉత్సాహాన్ని నిలిపే తీరు ఏమిటన్నదే మనం ఆలోచించవలసిన విషయం.

తరగతికి వచ్చేది ఎవరు?

మన శిక్షణ తరగతులలో ముందుగా కనిపించేది పదోన్నతి కోసం వచ్చిన సీనియర్ కార్మికుడు. ఆయన పక్కన, భర్త మరణానంతరం కారుణ్య నియామకం పొందిన గృహిణి. వెనుక వరుసలో, భూమిని ప్రాజెక్టుకు అప్పగించి దానికి బదులుగా ఉద్యోగం పొందిన రైతు. వీరెవరూ ఖాళీ పలకతో రారు. ఇంటి బాధ్యతలు, షిఫ్టు అలసట, తీర్చవలసిన అప్పులు, వీటన్నిటినీ మించి చిన్ననాటి బడిలో తిన్న దెబ్బల జ్ఞాపకం వారి వెంట వస్తాయి. బల్ల ముందు కూర్చోగానే ఆ పాత భయం తిరిగి తలెత్తుతుంది.

దశాబ్దానికి పైగా ఇటువంటి తరగతులకు పాఠాలు చెప్పిన అనుభవంతో ఒక మాట చెప్పగలను. వయోజనునిలో ఆసక్తి లోపించడం బహు అరుదు. పదిమందిలో నవ్వులపాలవుతామన్న బెరుకు ఆ ఆసక్తిని కప్పివేస్తుంది. ఆ బెరుకును తొలగించడమే బోధకుని మొదటి కర్తవ్యం.

"అర్థమైందా?" అన్న ప్రశ్న

పాఠం ముగియగానే మనం అడిగే "అర్థమైందా?" అన్న ప్రశ్నకు తరగతి మొత్తం "అయింది సార్" అంటుంది. ఆ జవాబుకు విలువ లేదు. అర్థం కాలేదని పదిమందిలో ఒప్పుకోవడానికి యాభై ఏళ్ల మనిషికి ఎంత ధైర్యం కావాలో ఊహించండి. అందుకు బదులు, "అన్నయ్యా, ఈ మోటారు విప్పే ముందు మీరైతే మొదట ఏం చేస్తారు?" అని అడిగితే, ఆయన తన అనుభవాన్ని చెబుతారు. అందులో సరైనది ఉంటే అదే మన పాఠానికి పునాది. పొరపాటు ఉంటే, మనిషిని వేలెత్తి చూపకుండా పనిని సరిదిద్దవచ్చు. వయసులో పెద్దవారిని ఏకవచనంతో పిలవకపోవడం, మార్కులను అందరి ముందు చదవకపోవడం వంటి చిన్న మర్యాదలు పెద్ద ఉపన్యాసాల కంటే ఎక్కువ ఫలితాన్ని ఇస్తాయి.

తెలిసినదాని నుండి తెలియనిదానికి

వయోజనుడు మొదట అడిగేది "ఇది నాకెందుకు?" అని. పైకి అనకపోయినా మనసులో అడుగుతాడు. అమెరికన్ విద్యావేత్త మాల్కమ్ నోల్స్ 1970లో వెలువరించిన గ్రంథంలో ఈ విషయాన్నే శాస్త్రీయంగా వివరించారు. పెద్దలకు వారి అనుభవమే ప్రధాన వనరు అనీ, తక్షణ సమస్యకు పరిష్కారం చూపే చదువునే వారు ఇష్టపడతారనీ ఆయన సిద్ధాంతం.

దీనికి మన తెలుగునాటనే గొప్ప నిదర్శనం ఉన్నది. 1990లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం ఆరంభమైంది. అక్కడి వాచకాలలో సారా వలన కుటుంబం చితికిపోయిన సీతమ్మ కథ ఒక పాఠంగా వచ్చింది. చదివిన స్త్రీలకు అది తమ ఇంటి కథే అనిపించింది. దూబగుంట మహిళలు సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించి, 1993లో సారా నిషేధానికి దారితీసింది. పాఠంలో తన బ్రతుకు కనిపించినప్పుడు వయోజనుడు ఎంత దూరం పోగలడో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

మన తరగతి గదిలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. త్రీఫేజ్ మోటారుకు ఒక ఫేజ్ పోతే ఏమవుతుందో బోర్డు మీద సమీకరణాలతో చెబితే, భూమి ఇచ్చి వచ్చిన రైతు తల దించుకుంటాడు. "మీ పొలంలో పంపుసెట్టు మోటారు ఎప్పుడైనా కాలిపోయిందా?" అని అడిగి చూడండి. మోటారు మూలిగిన శబ్దం, కాలిన వాసన, వైండింగ్‌కు అయిన ఖర్చు అన్నీ ఆయనే చెబుతారు. ఒక ఫేజ్ పోయినప్పుడు మిగిలిన రెండు ఫేజుల మీద కరెంటు పెరిగి, వైండింగ్ వేడెక్కి కాలుతుందని అప్పుడు చెబితే, సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ ఎందుకు కావాలో వేరే వివరించనక్కరలేదు.

అలాగే మీథేన్ వాయువు గాలిలో సుమారు 5 నుండి 15 శాతం వరకు ఉంటే పేలుతుందన్న అంకె కేవలం కంఠస్థం చేస్తే రెండు వారాలలో మరపున పడుతుంది. ఆ వాయువు గాలి కంటే తేలిక గనుక పైకప్పు దగ్గర చేరుతుందనీ, అందుకే పరీక్ష అక్కడే చేయాలనీ కారణంతో సహా చూపితే ఆ అంకెకు ప్రాణం వస్తుంది.

చేతికి పని ఇవ్వండి

నౌకా నిర్మాణ కార్మికుల శిక్షణలో అనుభవం గడించిన చార్లెస్ అలెన్ అనే అమెరికన్ 1919లో బోధనకు నాలుగు మెట్లు సూచించారు: అభ్యాసకుని మనసును సిద్ధం చేయడం, పనిని చూపడం, అతనిచేత చేయించడం, పరీక్షించడం. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1940–45 మధ్య అమెరికా కర్మాగారాలలో లక్షలాది సూపర్‌వైజర్లకు ఇచ్చిన శిక్షణకు ఈ పద్ధతే ఆధారం. మనలో అనేకులం రెండవ మెట్టు దగ్గరే ఆగిపోతాము. చూపించాము గనుక వచ్చేసిందనుకుంటాము. వెర్నియర్ క్యాలిపర్స్ గురించి గంటసేపు వినడం కంటే, ఒక షాఫ్టును పదిసార్లు స్వయంగా కొలవడం మేలు.

పనిని చిన్న చిన్న భాగాలుగా విడగొట్టడం మరొక మెలకువ. ఒక్కొక్క భాగంలో చవిచూసిన గెలుపు తరువాతి భాగానికి ధైర్యమిస్తుంది. "నేను చేయగలను" అన్న నమ్మకానికి స్వయంగా చేసి గెలిచిన అనుభవమే అతి బలమైన ఆధారమని మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రతిపాదించారు. ఇంతకుముందు బ్యాచిలో ఉత్తీర్ణుడైన తోటి కార్మికుణ్ణి పిలిపించి నాలుగు మాటలు చెప్పించడం కూడా ఇందుకు తోడ్పడుతుంది. "ఆయనకు వచ్చింది, నాకెందుకు రాదు?" అన్న పట్టుదల పుడుతుంది.

భాష విషయం కూడా ప్రస్తావించక తప్పదు. ఇక్కడి తరగతిలో హిందీ, ఛత్తీస్‌గఢీ, ఒడియా, తెలుగు మాట్లాడేవారు కలిసి కూర్చుంటారు. సాంకేతిక పదాలను అందరికీ అలవాటైన రూపంలోనే ఉంచి, కారణాన్ని మాత్రం ఎవరి భాషలో వారు పక్కవారికి చెప్పుకొనే వీలు కల్పించాలి. మరొకరికి చెప్పగలిగినవాడికి పాఠం వచ్చినట్లే.

నాకు తెలుసు అని సంతకం

రైల్వేలో చక్కని ఆచారం ఒకటి ఉన్నది. లోకో పైలట్ కొత్త సెక్షన్‌లో బండి నడిపే ముందు, ఆ మార్గంలో ప్రయాణించి, సిగ్నళ్లనూ వాలులనూ గుర్తుపట్టి, ఆ దారి తనకు పూర్తిగా పరిచయమైందని స్వయంగా సంతకం చేయాలి. నేర్చుకున్నానని ప్రకటించే బాధ్యతను ఆ పద్ధతి అతని చేతికే ఇస్తుంది. మన తరగతులలోనూ శిక్షణార్థి తాను చేయగలిగిన పనుల పట్టికను తానే నింపి, బోధకుని ఎదుట చేసి చూపి సంతకం చేయవచ్చు. గౌరవం ఇచ్చినచోట బాధ్యత దానంతట అదే వస్తుంది.

ఇంటివారి పాత్ర

ఈ పత్రికను ఇంట్లో చదివే అమ్మలకు, పిల్లలకు ఒక విన్నపం. పరీక్షకు చదువుతున్న తండ్రిని చూసి "ఇంత చిన్న విషయం కూడా తెలియదా?" అని నవ్వుతూ అన్న మాట కూడా ఆయన పుస్తకాన్ని మూయించగలదు. దానికి బదులు, "ఆ బొమ్మ ఏమిటో నాకు చెప్పండి నాన్నా" అని అడగండి. చెప్పే ప్రయత్నంలో ఆయనకు మరింత స్పష్టమవుతుంది. ఉద్యోగంలో కొత్తగా చేరిన తల్లికి సాయంకాలం ఒక గంట వంటింటి పని తప్పించడం పిల్లలు ఇవ్వగల అపురూపమైన కానుక.

బోధకమిత్రులకు చివరి మాట. పెద్దలకు బోధించడంలో మార్కులతో పాటు ప్రాణాలు కూడా ఇమిడి ఉన్నాయి. గనిలో పని మొదలుపెట్టే ముందే శిక్షణ ఉండాలని 1966 నాటి మైన్స్ వొకేషనల్ ట్రైనింగ్ రూల్స్ నిర్దేశించడంలోని ఆంతర్యం ఇదే. రైలుమార్గం మీది తీగలో ప్రవహించే విద్యుత్తు 25,000 వోల్టులు. దానికి మన మొహమాటంతో నిమిత్తం లేదు. తరగతిలో సిగ్గుపడి అడగని సందేహానికి పని స్థలంలో యంత్రం జవాబు చెబుతుంది. ఆ జవాబును సరిదిద్దుకొనే అవకాశం ఎల్లప్పుడూ దొరకదు. కనుక మన తరగతి గది ఏ వయసువారైనా ఏ ప్రశ్ననైనా నిస్సంకోచంగా అడగగలిగే చోటు కావాలి. వేరులో నీరు నిలిస్తే మానుకూ చిగురు వస్తుంది. ఆ నీరు పోసే భాగ్యం మనది.