గట్టిగా తొక్కితే చైన్ టక్కున జారుతోందా? గేర్ సెట్ మొత్తం మార్చే ముందు ఇది చూడండి

ఈరోజు ఎపిసోడ్ అంతా ఒకే ఒక్క ప్రశ్న మీద. వైజాగ్ నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. చదువుతా వినండి. "అన్నా, నాది 21 గేర్ల ఎంటీబీ. కొని రెండున్నరేళ్లు. రోజూ కాలేజీకి దీని మీదే. చైన్ తుప్పు పట్టిందని గత వారం కొత్తది వేయించాను. ఆ రోజు నుంచే సమస్య. బీచ్ రోడ్డులో మెల్లగా పోతే ఏం లేదు. సింహాచలం ఘాట్ ఎక్కేటప్పుడు లేచి నిలబడి తొక్కితే టక్ అని పెడల్ కిందికి జారిపోతోంది. నిన్న హ్యాండిల్ మీద పడబోయాను, వెనకాల బస్సు ఉంది. ఒక షాపులో డీరెయిలర్ పోయింది, సెట్ మొత్తం మార్చాలన్నారు. ఇంకో షాపులో చైన్ లూజు, రెండు లింకులు తీసేస్తే సరిపోతుందన్నారు. ఏది చేయించను?"

తమ్ముడూ, ముందు ఒక మాట. ఇది తేలేవరకు నిలబడి తొక్కొద్దు. ఒంటి బరువంతా ఒక కాలి మీద వేసిన క్షణంలో ఆ కాలి కింద ఆధారం పోతే ఛాతీ హ్యాండిల్‌కి, మోకాలు స్టెమ్‌కి తగులుతాయి. బండి ఎటు పడుతుందో మన చేతిలో ఉండదు. ఘాట్‌లో అది బస్సు వైపే కావచ్చు. సీటు మీద కూర్చుని, వెనక పెద్ద బిళ్ళ వేసుకుని మెల్లగా ఎక్కు. లేదంటే దిగి నడిపించు, అందులో సిగ్గేం లేదు.

ఇప్పుడు అసలు విషయం. "జారుతోంది" అని మనం ఒకే మాట అంటాం కానీ, అందులో మూడు వేర్వేరు రోగాలు ఉన్నాయి. ఒకటి, చైన్ పళ్ళ మీదుగా ఎగిరి తర్వాతి పన్ను మీద పడటం. రెండు, మీరు షిఫ్టర్ ముట్టుకోకుండానే చైన్ పక్క గేరులోకి పోవడం, లేదా పోదామా వద్దా అని మధ్యలో గిలగిలా కొట్టుకోవడం. మూడు, చైన్ పళ్ళ మీదే ఉంటుంది, కానీ పెడల్ మాత్రం పట్టు లేకుండా ముందుకు తిరిగిపోతుంది. కాలికి మూడూ ఇంచుమించు ఒకేలా తెలుస్తాయి. రిపేరు మాత్రం మూడింటికీ వేరు.

షాపులో సాధారణంగా ఏం చేస్తారు? బండిని తలకిందులుగా పెట్టి చేత్తో పెడల్ తిప్పుతారు. అంతా బ్రహ్మాండంగా తిరుగుతుంది. "ఏం లేదు బాబూ" అంటారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. చేత్తో తిప్పితే లోడ్ పడదు, లోడ్ లేకపోతే ఈ రోగం బయటపడదు. అందుకే ఇలా చేయండి, కెమెరా కొంచెం దగ్గరికి తెస్తున్నా. బండి పక్కన నేల మీద నిలబడండి. రెండు బ్రేకులూ గట్టిగా పట్టుకోండి. పెడల్‌ని ముందు వైపు, నేలకి సమాంతరంగా ఉంచి, ఒక కాలితో గట్టిగా కిందికి నొక్కండి. రెండో కాలు నేల మీదే ఉండాలి. బండిని కాస్త ముందుకు జరిపి మళ్ళీ నొక్కండి. ఇలా ఒక్కో గేరులో నాలుగైదు చోట్ల. ఫ్రెండ్ ఎవరైనా ఉంటే వెనక బిళ్ళల వైపే చూడమనండి. చైన్ పన్ను ఎక్కి దూకిందా, పక్కకి పోయిందా, కదలకుండా పెడల్ మాత్రమే జారిందా, కళ్ళకే కనిపిస్తుంది.

ఇంకో క్లూ ఉంది, నాకు చాలా ఇష్టమైనది. లెక్కపెట్టడం. టక్ అనేది పెడల్ తిరిగిన ప్రతిసారీ, అదీ ఒకే చోట వస్తుంటే, ముందు చైన్‌రింగ్‌లో వంగిన పన్ను కోసం చూడండి. రెండున్నర, మూడు, మూడున్నర చుట్లకి ఒకసారి కచ్చితంగా వస్తుంటే అది చైన్‌లో బిగుసుకుపోయిన లింకు. ఎందుకంటే చైన్‌లో 112 లింకులు ఉండి, ముందు 32 పళ్ళ రింగ్ ఉందనుకోండి. ఒకే లింకు మళ్ళీ అదే చోటికి రావడానికి మూడున్నర చుట్లు పడుతుంది. పెడల్ మెల్లగా వెనక్కి తిప్పుతూ డీరెయిలర్ చిన్న చక్రాల దగ్గర చూస్తే ఆ లింకు వంగకుండా గూని పెట్టి వస్తుంది. ఆయిల్ వేసి, రెండు చేతులతో పక్కలకి అటూ ఇటూ వంచితే చాలాసార్లు వదులైపోతుంది. లెక్కాపత్రం లేకుండా, గట్టిగా తొక్కినప్పుడే జారుతుంటే మాత్రం అరుగుదల కోసం వెతకాలి.

డబ్బు ఖర్చు లేని చెకింగులు ముందు చేసేద్దాం, త్వరగా చెప్తా. వెనక చక్రం ఫ్రేమ్ గాడిలో సరిగ్గా కూర్చుందా, నట్లు లేదా క్విక్ రిలీజ్ బిగువుగా ఉన్నాయా చూడండి. తర్వాత బండి వెనక కూర్చుని చూడండి. డీరెయిలర్‌లో పై చిన్న చక్రం, మీరు వేసిన గేరు బిళ్ళకి సరిగ్గా కింద ఉండాలి. చిన్న బిళ్ళ వైపు పక్కకి ఉంటే, కేబుల్ డీరెయిలర్‌లోకి వెళ్ళే చోట ఉన్న బ్యారెల్ అడ్జస్టర్‌ని అపసవ్య దిశలో పావు చుట్టు తిప్పండి, మళ్ళీ చూడండి. పెద్ద బిళ్ళ వైపు ఉంటే సవ్య దిశలో. పెద్ద బిళ్ళ నుంచి చిన్న బిళ్ళకి రావడానికి బద్ధకిస్తుంటే కేబుల్ గొట్టంలో తుప్పు పట్టి ఉంటుంది. సముద్రం పక్క ఊళ్ళలో ఇది మామూలే. కేబుల్, గొట్టం రెండూ మార్పించండి, పెద్ద ఖర్చేం కాదు. బండి ఎప్పుడైనా కుడి వైపు పడిందా? అయితే డీరెయిలర్ వేలాడే హ్యాంగర్ లోపలికి వంగి ఉండొచ్చు. వెనక నుంచి చూస్తే డీరెయిలర్ నిటారుగా లేకుండా చువ్వల వైపు ఒరిగి కనిపిస్తుంది.

మన తమ్ముడు ఇవన్నీ చూశాడు. వీడియో కూడా పంపాడు. కేబుల్ బాగుంది, హ్యాంగర్ తిన్నగా ఉంది. జారేది వెనక మూడు చిన్న బిళ్ళల మీదే, చైన్ పన్ను మీదుగా దూకడం వీడియోలో స్పష్టంగా కనిపించింది. పెద్ద బిళ్ళలో ఎంత నొక్కినా జారలేదు. "అన్నా, చైన్ కొత్తదే కదా, మరి అరుగుదల ఎక్కడుంది?" అన్నాడు. ఇక్కడే అందరూ బోల్తా పడతారు.

సైకిల్ చైన్‌లో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకి అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. చైన్ "సాగింది" అంటాం కానీ ఇనుము రబ్బరులా సాగదు. పిన్ను, దాని చుట్టూ తిరిగే లోపలి భాగం ఒకదానికొకటి రాసుకుని అరుగుతాయి. బీచ్ ఇసుక, నూనె కలిస్తే అది సానపట్టే ముద్దే అనుకోండి. ఒక్కో జాయింట్ వెంట్రుకవాసి వదులైనా, వందకి పైగా జాయింట్లు కలిసేసరికి చైన్ పొడుగైపోతుంది. పొడుగైన చైన్ పళ్ళ మధ్య గుంటలో కుదురుగా కూర్చోదు, పన్ను పైకి పాకుతూ తిరుగుతుంది. అలా తిరుగుతూ పళ్ళని కూడా తన కొలతకే అరగదీసుకుంటుంది. ఇద్దరూ కలిసి ముసలివాళ్ళైపోయారన్నమాట. అరిగిన చైన్, అరిగిన బిళ్ళ ఒకదానికొకటి సర్దుకుని నెలల తరబడి నడిచేస్తాయి, మీకు తేడా కూడా తెలియదు.

ఇప్పుడు చైన్ ఒక్కటే మార్చారు. కొత్త చైన్ కొలత సరిగ్గా అర అంగుళం. బిళ్ళ మీద పళ్ళు మాత్రం పాత పొడుగు చైన్‌కి తగ్గట్టు అరిగి ఉన్నాయి. కొత్త చైన్ అందులో కుదురుకోదు. మామూలుగా పళ్ళన్నీ పంచుకోవాల్సిన బరువు ఒకటి రెండు పళ్ళ మీదే పడుతుంది. మెల్లగా తొక్కితే సరే. నిలబడి తొక్కితే పన్ను ఎక్కి దూకేస్తుంది. చిన్న బిళ్ళల్లోనే ఎందుకు? చైన్ బిళ్ళని దాదాపు సగం చుట్టు పట్టుకుంటుంది. 14 పళ్ళ బిళ్ళలో ఏడు పళ్ళు పని చేస్తాయి, 28 పళ్ళ దాంట్లో పద్నాలుగు. తక్కువ పళ్ళ మీద ఎక్కువ భారం, కాబట్టి త్వరగా అరుగుతాయి, త్వరగా జారుతాయి. పెద్ద బిళ్ళ కొన్నాళ్ళు తట్టుకుంటుంది.

మన తమ్ముడి అదృష్టం, పాత చైన్‌ని షాపువాళ్ళు కవర్‌లో పెట్టి తిరిగి ఇచ్చారు. స్టీల్ టేపుతో కొలవమన్నాను. మీరూ ఇలాగే కొలవండి. చైన్‌ని తిన్నగా, కాస్త బిగువుగా పెట్టండి. టేపు మొదట్లో ఉండే కొక్కెం దగ్గర తేడా వస్తుంది కాబట్టి 1 అంగుళం గీత దగ్గర ఒక పిన్ను మధ్యభాగం ఉంచండి. అక్కడి నుంచి 24 లింకులు లెక్కపెడితే, కొత్త చైన్‌లో పిన్ను సరిగ్గా 13 అంగుళాల గీత మీద ఉంటుంది. అంగుళంలో పదహారో వంతు దాటిందంటే అర శాతం అరిగినట్టు. వెనక 11, 12 బిళ్ళల బండి అయితే అప్పుడే చైన్ మార్చేయాలి. 7, 8, 9 బిళ్ళల బండి అయితే ముప్పావు శాతం దాకా ఆగొచ్చు. ఎనిమిదో వంతు దాటితే ఒక శాతం. అప్పటికి చాలావరకు బిళ్ళలు కూడా పోయి ఉంటాయి. దర్జీ టేపుతో మాత్రం కొలవొద్దు, అదే సాగుతుంది.

తమ్ముడి పాత చైన్ ఎనిమిదో వంతు కూడా దాటేసింది. సమస్య తేలిపోయింది. కొత్త చైన్ తప్పు లేదు, డీరెయిలర్ తప్పు అసలే లేదు. వెనక బిళ్ళల సెట్ అరిగిపోయింది. కంటితో చూసి తేల్చొద్దు అని కూడా చెప్తా. గేరు సాఫీగా మారడానికి కంపెనీలే కొన్ని పళ్ళని పొట్టిగా, వంకరగా చేస్తాయి. కొత్త సెట్ చూసి కూడా అరిగిందనుకునే ప్రమాదం ఉంది. కొలత, లోడ్ టెస్ట్, ఈ రెండే నమ్మండి.

మరి "రెండు లింకులు తీసేద్దాం" సలహా? గేర్లు లేని మామూలు సైకిల్‌కి చైన్ లూజైతే బిగించడం సరైన పనే. ఆ అలవాటుతోనే చెప్తారు. గేర్ల బండిలో చైన్ వదులుని డీరెయిలర్ స్ప్రింగ్ లాగి పెడుతుంది. సరిపడా ఉన్న చైన్‌ని కత్తిరిస్తే, ముందు పెద్ద రింగ్, వెనక పెద్ద బిళ్ళ కలిసినప్పుడు చైన్ చాలదు. డీరెయిలర్ విరిగి చువ్వల్లో పడొచ్చు. అప్పుడు నిజంగానే సెట్ మొత్తం కొనాలి. పళ్ళని ఆకురాయితో రాసి సరిచేస్తామన్నా ఒప్పుకోకండి, జారడం ఇంకా పెరుగుతుంది.

7 బిళ్ళల మామూలు బండ్లలో ఎక్కువగా ఉండేది ఫ్రీవీల్, హబ్ మీద మరలా తిరిగి బిగుసుకునేది. దాని ధర వందల్లోనే ఉంటుంది. ఖరీదైన బండ్లలో క్యాసెట్ ఉంటుంది. మెకానిక్ దగ్గరికి వెళ్ళి "ఫ్రీవీల్ మార్చండి, చైన్ అలాగే ఉంచండి" అని స్పష్టంగా అడగండి. పాత దాంట్లో ఎన్ని బిళ్ళలుంటే అన్నే, పెద్ద బిళ్ళ పళ్ళు కూడా అన్నే ఉండాలి. చైన్ విషయానికొస్తే 6, 7, 8 బిళ్ళలకి ఒకే రకం సరిపోతుంది. 9 నుంచి వేరు వేరు, సన్నబడుతూ పోతాయి.

చేతిలో డబ్బు లేని స్టూడెంట్‌కి ఇంకో దారి ఉంది. కొంతమంది తప్పంటారు, నేను అనను. పాత చైన్ దాచుకుని ఉంటే, అది మరీ తుప్పు పట్టి లేకపోతే, తిరిగి అదే వేసుకుని మెల్లగా నడపండి. ఆ రెండూ జోడీగా ఇంకొన్నాళ్ళు వస్తాయి. ఈలోపు కొత్త చైన్ కడిగి నూనె రాసి కవర్‌లో ఉంచండి, ఫ్రీవీల్ కొన్న రోజు వేసుకోండి.

మూడో రోగం మిగిలింది. చైన్ కదలకుండా పెడల్ మాత్రమే జారేది. ఫ్రీవీల్ లేదా ఫ్రీహబ్ లోపల స్ప్రింగ్‌లతో లేచే చిన్న కొక్కేలు ఉంటాయి. పెడల్ ఆపితే కిరకిరమనేవి అవే. మట్టి, ముద్దకట్టిన గ్రీజు వల్లనో, స్ప్రింగ్ విరగడం వల్లనో అవి లేవకపోతే పట్టు ఉండదు. ఇది ముందు హెచ్చరిక ఇవ్వదు, ఏ గేరులోనైనా వస్తుంది. ఈ లక్షణం ఒక్కసారి కనిపించినా బండి ఎక్కొద్దు. ఫ్రీవీల్ అయితే కొత్తది వేయించండి. ఫ్రీహబ్ అయితే విప్పి శుభ్రం చేయగల మెకానిక్‌కే ఇవ్వండి. ప్రెజర్ వాషర్‌తో హబ్ మీద నేరుగా నీళ్ళు కొట్టే వాళ్ళకి ఇది త్వరగా వస్తుంది, చెప్పలేదనొద్దు.

మొన్న ఆదివారం తమ్ముడు మళ్ళీ మెసేజ్ పెట్టాడు. ఫ్రీవీల్ మారింది, డీరెయిలర్ పాతదే. నేల మీద నిలబడి అన్ని గేర్లలో నొక్కి చూశాడు, ఒక్కసారీ జారలేదు. ఆ తర్వాతే సింహాచలం ఎక్కాడట. ముందు మధ్య రింగ్‌లో మాత్రం చిన్న గరగర ఉందన్నాడు. ముందు రింగ్ కూడా పాత చైన్‌తోనే అరిగింది కదా, కొత్త చైన్ పైకి వచ్చేటప్పుడు పళ్ళకి అతుక్కుంటోందేమో చూడమన్నాను. ఆ వీడియో పంపిస్తే వచ్చే ఎపిసోడ్‌లో అదే పెడతా.